అప్పుల పుస్తకం: ఖమ్మంలో మా ఇంటి లెక్క

2024 జూన్

మా ఇంట్లో సంపాదించేవాళ్ళం ఇద్దరం. మా వారు ఖమ్మంలోని ఒక ద్విచక్ర వాహనాల షోరూంలో మెకానిక్‌గా పనిచేస్తున్నారు. జీతం 24,000 రూపాయలు. నేను పక్క మండలంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. జీతం 14,000, అదీ మే నెలలో రాదు. ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది కాబట్టి అద్దె బాధ లేదు. ఊళ్ళో ఆమెకు ఎకరంన్నర భూమి ఉంది; దాన్ని కౌలుకు ఇచ్చినందుకు ఏటా ఉగాదికి 24,000 వస్తాయి. మామయ్య గుండె ఆపరేషనుతో మొదలై, ఆ తరువాత ఆడపడుచు పెళ్ళితో పెరిగిన అప్పులు, ఇప్పుడు ఒకదాని వడ్డీ కోసం మరొకచోట చేయి చాచే స్థితికి వచ్చాయి. అందువల్ల అప్పు తీర్చడాన్ని ఒక పనిగా పెట్టుకుని, నెలనెలా ఏం చేశామో, ఎందుకు చేశామో, ఎంత మిగిలిందో ఈ పుస్తకంలో రాయాలని నిర్ణయించుకున్నాను. ఇది అత్తమ్మ, మా వారు, ఎదుగుతున్న పిల్లలిద్దరూ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చదువుకునే పుస్తకం.

మొదటి పని అప్పులన్నింటినీ ఒకే పేజీ మీదికి తేవడం. బజారులోని వడ్డీ వ్యాపారికి నోటు రాసి తెచ్చినది 1,50,000, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఊళ్ళో మా వారికి పెదనాన్న వరుస అయ్యే పెద్దాయన దగ్గర తెచ్చినది 1,00,000, రెండు రూపాయల వడ్డీ. అది ఏడాదికొకసారి ఉగాదికి కడతాం. ఒక ఫైనాన్స్ కంపెనీలో 24 నెలలకు తీసుకున్న లక్షలో ఇంకా 14 కిస్తీలు ఉన్నాయి, కిస్తీ 5,167. క్రెడిట్ కార్డు మీద 38,000. పొదుపు సంఘం ద్వారా బ్యాంకు నుంచి నా వాటాకు వచ్చిన అప్పులో మిగిలినది 48,000, నెలకు 2,200. మా అన్నయ్య ఇచ్చిన చేబదులు 50,000, దానికి వడ్డీ లేదు.

ఈ పేజీ రాస్తున్నప్పుడే ఒక సంగతి స్పష్టమైంది. ఒక్కో అప్పు ఒక్కో భాషలో మాట్లాడుతోంది. ఒకరు నూటికి మూడు రూపాయలంటారు, మరొకరు ఫ్లాట్ పన్నెండు శాతమంటారు, కార్డు వాళ్ళు నెలకు మూడున్నర అంటారు, బ్యాంకు సంవత్సరానికి పదకొండు అంటుంది. వీటిని పోల్చాలంటే అన్నింటినీ ఏడాది శాతంలోకి మార్చక తప్పదు. అలా మారిస్తే కార్డు 42, బజారు నోటు 36, పెద్దాయన నోటు 24, సంఘం అప్పు 11. ఫైనాన్స్ కంపెనీ చెప్పిన పన్నెండు శాతం అసలు పన్నెండు కాదు. మనం నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వాళ్ళు చివరి వరకు మొత్తం లక్ష మీదే వడ్డీ వేస్తారు. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే అది 21.6 శాతం దాకా వస్తుంది. తరగతిలో పిల్లలకు బారువడ్డీ లెక్కలు చెప్పే నాకు కూడా ఆ అంకె రాబట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. లెక్కలతో పరిచయం లేనివారు దాన్ని పన్నెండు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే వ్యక్తిగత అప్పులకు అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటును ఒక పత్రం మీద రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కొత్తగా అప్పు తీసుకునేవారు సంతకానికి ముందు ఆ ఒక్క అంకె అడిగి తెలుసుకోవాలి.

ఫైనాన్స్ కంపెనీకి మిగిలిన అసలు సుమారు 63,500గా తేలింది. మొత్తం అప్పు 4,49,500. నెలకు వడ్డీగానే పోతున్నది 9,000 దాటింది. ఇంట్లో కూరగాయలకు నెలకు 2,600 ఖర్చవుతుంటే దాన్ని తగ్గించాలని మేం మాట్లాడుకుంటున్నాం. దానికి మూడు రెట్లకు పైగా ఉన్న వడ్డీ గురించి మాత్రం ఎవరం మాట్లాడడం లేదు. ఈ పని మొత్తానికి నేను పెట్టుకున్న సూత్రం ఇక్కడే పుట్టింది: ముందు అప్పు స్వభావాన్ని మార్చాలి, ఆ తరువాతే కడుపు కట్టుకోవడం గురించి ఆలోచించాలి.

ఈ నెలంతా ఖర్చులో ఏ మార్పూ చేయకుండా ప్రతి రూపాయీ రాశాం. కిస్తీలు, వడ్డీలు, చిట్టీ కలిపి దాదాపు 18,000 పోగా ఇంటికి మిగిలేది 20,000; ఖర్చయింది 22,600. ఆ తేడా కార్డు మీద పడుతోంది.

2024 జూలై

పుస్తెల తాడును ముట్టుకోకూడదని ముందే అనుకున్నాం. పెళ్ళినాటి హారం, నాలుగు గాజులు బ్యాంకుకు తీసుకువెళ్ళాం. నగల విలువ కట్టే అప్రైజర్ రాళ్ళ బరువు తీసేసి 30 గ్రాములని తేల్చారు. ఆ రోజుల్లో 22 క్యారెట్ల బంగారం గ్రాము 6,700 దరిదాపుల్లో ఉంది కాబట్టి విలువ సుమారు రెండు లక్షలు; అందులో 75 శాతం, అంటే లక్షా యాభై వేల వరకు ఇవ్వవచ్చు. మేం 1,20,000 మాత్రమే అడిగాం. వడ్డీ తొమ్మిదిన్నర శాతం, నెలకు 950.

బంగారం కుదువ పెట్టడమంటే ఇంట్లో చాలా బరువైన విషయం. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఉన్న అప్పులు చాలవా బిడ్డా, ఇంకోటి ఎందుకు" అన్నారు. నేను ఆమె ముందు రెండే అంకెలు రాశాను. అదే 1,20,000కు బజారు లెక్కన నెలకు వడ్డీ 3,600, బ్యాంకులో 950. అప్పు పెరగడం లేదు, స్థలం మారుతోంది. ఆమె కాసేపు ఆలోచించి, రసీదు మాత్రం తన బీరువాలో ఉండాలన్నారు. అలాగే చేశాం.

ఆ డబ్బులో మొదటి 38,000 క్రెడిట్ కార్డుకు కట్టాం. కార్డు సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మా పాఠశాలలోనే ఇది తెలియక ఇబ్బంది పడుతున్నవారు ఉన్నారు. కనీస మొత్తం ఐదు శాతం, అంటే 1,900 కడితే చాలని బిల్లు మీద ఉంటుంది. కానీ 38,000 మీద నెల వడ్డీ 1,330, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 239. ఈ రెండూ పోగా అసలులోకి చేరేది 331 రూపాయలే. ఆ నెలలో కార్డు మీద 500 రూపాయల సరుకు కొన్నా అప్పు తగ్గడానికి బదులు పెరుగుతుంది. కార్డును ఫోనులోని చెల్లింపు యాప్‌ల నుంచి తీసేశాం. మిగిలిన 82,000 బజారు నోటుకు జమ చేశాం. అక్కడ ఇక 68,000 ఉంది.

జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో బంగారం మీద కస్టమ్స్ సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. వెంటనే ధర పడింది. బ్యాంకు ఇస్తానన్నంతా తీసుకోకుండా ముప్పై వేలు తగ్గించి అడిగినందువల్ల ఆ పతనం మమ్మల్ని తాకలేదు. కుదువ పెట్టేవారు ధర పడినా తట్టుకునేంత ఎడం ఉంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2024 ఆగస్టు

ఇంటి ఖర్చు వైపు వచ్చాం. తిండిలో కోత పెట్టలేదు. పిల్లల పాలు, గుడ్లు, వారానికొకసారి మాంసం యథాతథంగా ఉన్నాయి. ఎదిగే పిల్లల కంచం నుంచి తీసే వంద రూపాయలు పొదుపు అనిపించుకోవు.

తగ్గినవి ఇవి. అత్తమ్మ బీపీ, షుగరు మందులను డాక్టరుతో మాట్లాడి, అవే మందులను జన ఔషధి కేంద్రంలో కొనడం మొదలుపెట్టాం. 1,250 అయ్యేది 450కి వచ్చింది. మా వారు పొద్దున హోటల్ టిఫిన్ మాని డబ్బా తీసుకువెళుతున్నారు. అది నెలకు 900. ఫోను నుంచి పదీ ఇరవై చొప్పున జారిపోయే చిల్లర చెల్లింపులకు ఒక చిన్న ఖాతాలో నెలకు 1,200 వేసి, అది అయిపోతే ఆగిపోవాలని అనుకున్నాం. అక్కడ 1,500 తగ్గింది. బడికి వెళ్ళే నా ప్రయాణ ఖర్చు అంతకుముందే పోయింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆ పథకం లేకపోతే నా జీతంలో వెయ్యికి పైగా ఆటోలకే పోయేది.

కరెంటు బిల్లు గురించి చెప్పుకోవాలి. మాకు తెల్ల రేషన్ కార్డు లేదు కనుక ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వర్తించదు. మన రాష్ట్రంలో ఇంటి వాడకం వంద యూనిట్లు దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే రేటు మారి 200 వరకు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసలు పడుతుంది. 210 యూనిట్లు కాలిస్తే 1,097. అదనపు పది యూనిట్ల ఖరీదు 277 రూపాయలన్నమాట. ఎనిమిదో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయికి ప్రతి ఆదివారం మీటరు చూసి గోడ మీది క్యాలెండరులో రాసే పని అప్పగించాను. నెల చివరి వారంలో ఇస్త్రీ, మోటారు వాడకం ఆమె చెప్పినట్టే నడుస్తోంది.

అన్నీ కలిపి 3,500 తగ్గి ఇంటి ఖర్చు 19,100కు వచ్చింది. మిగిలిన దానిలో నెలకు 1,300 పక్కన పెడుతున్నాం. అది మే నెల జీతం.

2024 సెప్టెంబరు

మేం ఒక రిజిస్టర్డ్ చిట్టీలో సభ్యులం. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. పాటలో మిగిలే డివిడెండ్ పోగా సగటున 4,200 కడుతున్నాం. చివరిదాకా ఆగి ఎత్తితేనే లాభమని ఇంట్లో అనుకునేవాళ్ళం. పిల్లల చదువు కోసం దాచుకునేవారికి ఆ మాట నిజం. మూడు రూపాయల వడ్డీ నెత్తి మీద ఉన్నవారికి ఆ మాట వర్తిస్తుందా అని ఈ నెల లెక్క వేశాను.

ఇది తొమ్మిదో నెల. పాట 22,000 తగ్గింపు దాకా వెళుతోంది, అంటే చేతికి 78,000. చివరి నెలలో అయితే ఐదు శాతం కమీషన్ పోగా 95,000 వస్తాయి. ఆగితే వచ్చే లాభం 17,000. కానీ 78,000కు మూడు రూపాయల లెక్కన వడ్డీ నెలకు 2,340. పదకొండు నెలలకు 25,740. మా నోటులో మిగిలినది 68,000 కనుక ఆ మేరకే చూసినా నెలకు 2,040 చొప్పున 22,440 ఆదా అవుతుంది. ఎటు చూసినా ఇప్పుడే ఎత్తడం మంచిది. పాట పాడి 78,000కు దక్కించుకున్నాం. హామీదారులుగా నా సహోద్యోగిని ఒకరు, మా వారి షోరూంలోని సీనియరు ఒకరు సంతకం చేశారు. వాళ్ళ జీతాలు మా మాట మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతిని కూడా ఈ పుస్తకంలో రాసుకున్నాను.

68,000తో బజారు నోటు తీరిపోయింది. తీర్చేటప్పుడు మూడు విషయాలు పట్టుబట్టి చేయించుకున్నాం. నోటు వెనుక పూర్తిగా ముట్టినట్టు రాసి సంతకం పెట్టించి అసలు నోటునే వెనక్కి తీసుకున్నాం. అప్పు ఇచ్చిన రోజు హామీగా తీసుకున్న ఖాళీ చెక్కులు రెండింటినీ అడిగి తెచ్చుకున్నాం. సంతకం మాత్రమే ఉన్న ఖాళీ నోటు ఒకటి కూడా ఉంది. దాన్ని మా ఎదుటే చించమన్నాం. డబ్బు కట్టేసిన సంతోషంలో చాలామంది ఈ కాగితాలు వదిలేసి వస్తారు. చెక్కు అవతలివారి చేతిలో ఉన్నంతకాలం దాని మీద ఏ అంకె అయినా వేసి బ్యాంకులో వేయవచ్చు, అది బౌన్సైతే కోర్టు నోటీసు మన ఇంటికే వస్తుంది.

మిగిలిన 10,000 అత్యవసరానికి వేరే ఖాతాలో ఉంది. దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు. ఎత్తిన చిట్టీకి ఇంకా కట్టాల్సిన పదకొండు నెలల కిస్తీలను అప్పుల పేజీలోకి చేర్చాను. ఎత్తిన చిట్టీ కూడా అప్పే.

2024 అక్టోబరు నుంచి డిసెంబరు

బజారు వడ్డీ 4,500, కార్డు 1,900 ఇక లేవు. బంగారం వడ్డీ 950 పోగా నెలకు 5,450 చేతిలో ఉంటోంది. అందులో 5,000 పెద్దాయన నోటుకని పోగుచేస్తున్నాం. బతుకమ్మకు, దసరాకు పిల్లలకూ అత్తమ్మకూ బట్టలు కొన్నాం. మేమిద్దరం ఈ ఏడాది కొనుక్కోలేదు.

ఫైనాన్స్ కంపెనీ అప్పును ముందే మూసేద్దామని మా వారు అడిగారు. మిగిలిన 10 కిస్తీలలో వడ్డీ సుమారు 4,800. ముందుగా మూస్తే నాలుగు శాతం ఛార్జీ, దాని మీద జీఎస్టీ కలిపి 2,200. ఆదా 2,600 మించదు. దానికి కావలసిన యాభై వేలు పెద్దాయన నోటుకు కడితే అక్కడ నెలకు వెయ్యి తగ్గుతుంది. కంపెనీ కిస్తీ దాని దారిన దాన్ని నడవనివ్వాలని నిర్ణయించాం.

2025 జనవరి

సంక్రాంతికి ఊరు వెళ్ళి పెద్దాయన చేతికి 20,000 ఇచ్చాం. ఆయన ఆ డబ్బును వడ్డీ కింద పట్టుకోబోయారు. మా వారు ఎంతో మర్యాదగా, "పెద్దనాయనా, వడ్డీ ఉగాదికి ఎప్పటిలాగే తెచ్చిస్తాం, ఇది అసలులో రాయండి" అని కోరారు. ఈ ఒక్క మాట చెప్పకపోతే అసలు లక్ష లక్షగానే ఉండిపోతుంది. ఊళ్ళలో ఏళ్ళ తరబడి కడుతున్నా తీరని అప్పుల వెనుక సాధారణంగా ఇదే కారణం ఉంటుంది: కట్టినదంతా వడ్డీకే పోతుంది, అసలులో జమ అని ఎవరూ రాయించుకోరు.

నోటు 2022లో రాసినది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్ళు; ఆ గడువు లోపల కొంత మొత్తం కట్టి, నోటు వెనుక తేదీతో చెల్లు రాసి, అప్పు తీసుకున్నవారు సంతకం పెడితే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు నడుస్తుంది. మేం చెల్లు రాసి సంతకం పెట్టడం ఆయనకు కూడా రక్షణే. ఆ సంగతి చెప్పి, ఉగాది నుంచి రెండు రూపాయల వడ్డీని రూపాయిన్నర చేయమని అడిగాం. ఆయన వెంటనే సరే అనలేదు. భోజనాలయ్యాక, "మీ నాయన నాకు ఎప్పుడూ మాట తప్పలేదు, అట్లనే కానియ్యండి" అన్నారు. బ్యాంకులో ఈ మాట పని చేయదు, బంధువుల దగ్గర పనిచేస్తుంది. అయితే ముందు డబ్బు చేతిలో పెట్టి ఆ తరువాత అడగాలి.

2025 ఫిబ్రవరి, మార్చి

ఖమ్మం మిర్చి యార్డులో తేజ రకం ధర గత ఏడాదికంటే బాగా పడిపోయింది. మా భూమిలో కౌలుదారు వేసినది కూడా మిర్చే. కొనేవాళ్ళకు ఇది మంచి కాలం కనుక ఏడాది కారానికి సరిపడా మిర్చి, దానితో పాటు కొత్త చింతపండు ఒకేసారి కొన్నాం. అదే ధర ఆ కౌలుదారు ఇంట్లో ఏం చేసిందో ఉగాది ముందు రోజు తెలిసింది. ఆయన 24,000కు బదులు 18,000 తెచ్చారు. మిగిలిన 6,000కు వానాకాలం దాకా గడువు అడిగారు.

రైతు భరోసా కింద ఎకరానికి ఆరు వేల చొప్పున అత్తమ్మ ఖాతాలో ఫిబ్రవరిలో 9,000 పడ్డాయి. సాగు చేసేది ఆయన, డబ్బు పడేది పట్టాదారుకు. అందులో సగం ఆయనకే ఇవ్వాలని అత్తమ్మ అన్నారు. మా అప్పు పుస్తకంలో 4,500 తగ్గింది, కానీ ఆమె నిర్ణయం సరైనదని నాకు పూర్తిగా అనిపించింది. మన అప్పు తీరడం మనకంటే ఎక్కువ అప్పుల్లో ఉన్న మనిషి మీద భారంగా పడకూడదు.

మార్చి 30, ఉగాది. ఏడాది వడ్డీ 23,000 అయింది. సంక్రాంతికి కట్టిన 20,000 వల్ల వెయ్యి తగ్గింది. కౌలు 18,000కు మా ఐదు వేలు కలిపి వడ్డీ కట్టి, మిగిలిన దానిలో 10,000 అసలులో రాయించాం. అసలు 70,000. ఇక వడ్డీ నెలకు 1,050.

2025 మే

నా జీతం రాలేదు. పక్కన పెట్టిన డబ్బు తీసి నెల గడిపాం. ఏప్రిల్‌లో గ్యాస్ సిలిండరు 50 రూపాయలు పెరిగింది. ఈ నెలలో ఎవరి దగ్గరా చేబదులు అడగకపోవడం మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

2025 జూలై

బంగారం అప్పుకు ఏడాది గడువు ముగిసింది. వడ్డీ నెలనెలా కడుతూ వచ్చాం కనుక అసలు 1,20,000 మాత్రమే ఉంది. ఈ మధ్యలో బంగారం ధర ఎవరూ ఊహించనంత పెరిగింది. ఏప్రిల్ 22న పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు తాకింది. రెన్యువల్‌కు వెళితే అక్కడి అధికారి, అదే నగల మీద ఇంకో 80,000 వరకు ఇవ్వగలమని చెప్పారు. ఆయన లెక్క తప్పు కాదు. 30 గ్రాముల విలువ ఇప్పుడు 2,70,000 దాటింది. ఆ డబ్బుతో పెద్దాయన నోటు మొత్తం ఆ రోజే తీర్చేయవచ్చు. పద్దెనిమిది శాతం పోయి తొమ్మిదిన్నర వస్తుంది. నా సూత్రం ప్రకారం చూస్తే తీసుకోవలసిందే.

ఈ విషయం మీద మేమిద్దరం రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. తీసుకోకూడదనే నిర్ణయానికి వచ్చాం. పెద్దాయన అప్పు మూడు నాలుగు నెలల్లో మా ఆదాయంతోనే తీరేలా ఉంది; మిగిలే తేడా నెలకు ఐదు వందలలోపే. దాని కోసం ఉన్న ఎడాన్నంతా వాడేసుకుంటే, ధర పడినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా చేతిలో మరో ఆధారం ఉండదు. పోయిన ఏడాది నెలకు 2,650 ఆదా కోసం బంగారం పెట్టాం. ఐదు వందల కోసం మళ్ళీ పెట్టవలసిన పని లేదు. పాత మొత్తానికే తిరగరాయించుకుని వచ్చాం.

జూన్‌లో మళ్ళీ రైతు భరోసా పడింది. మా సగం 4,500. కౌలుదారు మిగిలిన 6,000 మాట ప్రకారం తెచ్చి ఇచ్చారు. నాలుగు నెలల పొదుపు 20,000 కలిపి పెద్దాయనకు వడ్డీ 4,200, అసలు 26,000 చెల్లించాం. అసలు 44,000. ఫైనాన్స్ కంపెనీ చివరి కిస్తీ కూడా ఈ నెలలోనే. అప్పు పూర్తయినట్టు వాళ్ళ నుంచి లేఖ తీసుకున్నాం. ఏడాదికొకసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టులో అది మూసినట్టు నమోదైందో లేదో ఒకటి రెండు నెలల తరువాత చూడాలని రాసి పెట్టుకున్నాను.

2025 ఆగస్టు నుంచి అక్టోబరు

చిట్టీ ఆఖరి కిస్తీ ఆగస్టులో పోయింది. హామీ సంతకం పెట్టిన ఇద్దరికీ ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను. కంపెనీ కిస్తీ, చిట్టీ రెండూ లేకపోవడంతో సెప్టెంబరు నుంచి నెలకు 14,500 అప్పుకు వెళుతోంది. ఇలా ఒక అప్పు తీరినప్పుడు దాని కిస్తీ ఇంటి ఖర్చులో కలవకుండా అదే రోజున తరువాతి అప్పుకు మళ్ళించడం ఈ పని మొత్తంలో అన్నింటికంటే కష్టమైన భాగం. జీతం అంతే ఉన్నా చేతిలో డబ్బు కనిపించడం మొదలవుతుంది. కొత్త ఫ్రిజ్ గురించి, పిల్లల సైకిలు గురించి ఇంట్లో మాటలు వచ్చాయి. సైకిలు కొన్నాం, మా వారు షోరూంలో తెలిసినవారి ద్వారా పాతది బాగుచేయించి తెచ్చారు. ఫ్రిజ్ ఆగింది.

దీపావళికి షోరూంలో 8,000 బోనస్ ఇచ్చారు. దాన్ని మూడు నెలల పొదుపుకు కలిపి పెద్దాయనకు 44,000 అసలు, 1,980 వడ్డీ ఇచ్చి నోటు తెచ్చుకున్నాం. ఆయన వద్దంటున్నా ఆ 1,980లో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. రేపు మళ్ళీ అవసరం పడితే తలుపు తట్టగలిగే ఇల్లు అది.

2025 నవంబరు, డిసెంబరు

ఈ అప్పులన్నింటికీ మూలం ఆసుపత్రి ఖర్చు. ఆరోగ్యశ్రీకి మేం అర్హులం కాము; మా వారి జీతం 21,000 దాటినందువల్ల ఈఎస్ఐ కూడా లేదు. మా లాంటి కుటుంబాలు సరిగ్గా ఈ మధ్యలో పడిపోతున్నాయి: ప్రభుత్వ లెక్కలో పేదలం కాము, ఒక్క ఆపరేషనుకు నిలబడేంత ఉన్నవాళ్ళమూ కాము. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఉన్న 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. నవంబరులో అప్పుకు వెళ్ళవలసిన మొత్తాన్ని ఆపి, మా నలుగురికి ఒక పాలసీ తీసుకున్నాం, ప్రీమియం 14,200. పన్ను ఉంటే మరో 2,556 అయ్యేది. అత్తమ్మకు వయసు, షుగరు కారణంగా విడిగా తీసుకోవాలి, దాని ప్రీమియం చాలా ఎక్కువ చెబుతున్నారు. ముందున్న జబ్బులకు ఎన్నేళ్ళు ఆగాలో రెండు మూడు కంపెనీల కాగితాలు చదువుతున్నాను.

ఒక నెల అప్పు కట్టకుండా బీమా కట్టడం సరైనదేనా అని మా వారు అడిగారు. తొమ్మిదిన్నర శాతం బంగారం అప్పు ఒక నెల ఆలస్యమైతే పోయేది వందో నూట యాభయ్యో. బీమా లేని నెలలో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే మళ్ళీ బజారు నోటు రాయవలసి వస్తుంది.

డిసెంబరు చివరికి పేజీ ఇలా ఉంది. బంగారం 1,20,000, అన్నయ్య 50,000, సంఘం అప్పు సుమారు 14,000. శాతాల లెక్కన చూస్తే సంఘం, తరువాత బంగారం, చివర అన్నయ్య. అయితే అన్నయ్య కూతురు వచ్చే జూన్‌లో ఇంజినీరింగ్‌లో చేరబోతోంది. ఆయన అడగలేదు, అడగరు కూడా. వదిన మాటల మధ్యలో ఫీజుల సంగతి వచ్చింది. వడ్డీ లేని అప్పుకు కూడా ఇచ్చినవారి అవసరం అనే గడువు ఉంటుంది. అందుకని జనవరి నుంచి ఏప్రిల్ దాకా నెలకు 12,500 అన్నయ్యకు, మిగిలిన 2,000 బంగారానికి కట్టాలని నిర్ణయించాం. సంఘం కిస్తీ మామూలుగా నడిచి జూలైలోపు తీరుతుంది. మే నెల జీతం డబ్బులు ఇప్పటికే 9,000 దాకా చేరాయి. కరెంటు వాడకం ఈ నెల 171 యూనిట్లు.